బదులు పస్తు

పై వరస అయిపోయింది. గంగాలమ్మ నడుం మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత కింది వరస బోనుల ముందు ఒక మోకాలు, ఆ పైన రెండో మోకాలు మెల్లగా ఆనించి కూర్చుంది. బోను పైన కమ్మీల పల్లంలో రాత్రి మిగిలిన మేత గుళికలున్నాయి. వాటిని దోసిట్లోకి తీసి పక్కనున్న బకెట్లో వేసింది. కొవ్వు కలిపిన మేత. వేళ్ళకి జిడ్డు పడుతుంది. సబ్బుతో కడిగినా ఆ వాసన ఇంటిదాకా వస్తుంది.

ఊకలోంచి ఎలుక తల ఎత్తి చూసింది. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు.

"సందేల ఎడతాను. పడుకో," అంది గంగాలమ్మ.

ఆ గదిలో రెండు గోడలకీ ఇనప అరలు. ఎడమవైపు బోనులకి తెల్ల చీటీలు, కుడివైపు వాటికి ఎర్ర చీటీలు. రెండు వైపులా మేత ఒకటే. తెల్ల చీటీ బోనుల్లో మేత ఎప్పుడూ ఉంటుంది. ఎర్ర చీటీ బోనుల్లో పొద్దున్న తీసేయాలి, దీపాల వేళకి మళ్ళీ పెట్టాలి. ఇది గంగాలమ్మ పని. దానితోపాటు నీళ్ళ సీసాలు నింపాలి, తడిసిన ఊక మార్చాలి, ఖాళీ బోనులు కడగాలి, గది ఊడవాలి. ఆదివారమని లేదు, పండగని లేదు. పెద్ద తుఫానుకి ఊళ్ళో చెట్లన్నీ కూలిపోయిన మర్నాడు కూడా ఆమె జాలరిపేట నుంచి కొమ్మల మీదుగా అడుగులేసుకుంటూ నడిచి వచ్చింది. కరెంటు లేక ఉడికిపోతున్న గదికి కిటికీలు తెరిచింది ఆమే.

ఒళ్ళు ఎందుకు పెరుగుతుంది, తిన్న తిండి లోపల ఏమవుతుంది అన్నది ఆ విభాగం వాళ్ళు చేసే పరిశోధన. గంగాలమ్మది పెద్ద ఒళ్ళు. విశ్వవిద్యాలయం ఇచ్చిన నీలం కోటుకి గుండీలు పడవు. పాదాలు ఎప్పుడూ వాచి ఉంటాయి. ఒకసారి ఒక కుర్ర స్కాలరు టేపు పట్టుకొచ్చి ఆమె నడుం కొలుస్తానన్నాడు.

"కొలిసి నన్నూ బోన్లో ఎట్టేత్తారేటి బాబూ? ఏ సీటీ కడతారు, తెల్లదా, ఎర్రదా?"

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అతను టేపు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పూర్వం ఆమె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇదే మెట్ట ఎక్కేది. ప్రొఫెసర్ల క్వార్టర్లలో వాడుకగా అమ్మేది. మొగుడు అర్జునరావు తెచ్చిన చేప పొద్దు ఎక్కకముందే అయిపోయేది. అర్జునరావు సముద్రంలో పోలేదు. కామెర్లొచ్చి పెద్దాసుపత్రిలో మంచం మీద పోయాడు. సముద్రం ఏ రోజూ చెయ్యని పని మంచం చేసిందని ఆమె ఎప్పుడైనా అనుకునేది. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. తట్ట దిగిపోయింది. చేపలు కొనే ప్రొఫెసరమ్మ ఒకావిడ ఆమెని ఈ ఎలుకల గదిలో పెట్టించింది. ఇప్పుడు చేపలమ్మేది కూతురు సూర్యకళ. ఆటోలో తిరుగుతుంది.

బకెట్టు నిండింది. గంగాలమ్మ బోను పట్టుకుని లేచింది. లేవగానే గది ఒక పక్కకి ఒరిగినట్టయింది. కళ్ళు మూసుకుని ఆగింది. సర్దుకుంది. బకెట్టు తీసుకుని తలుపు దగ్గరకి నడిచింది.

తలుపు మీద పేపరు ముక్క అంటించి ఉంది. ఆమెకి చదువు రాదు. బొమ్మ తెలుసు. ఈ ఎలుకల మీద పరిశోధన చేసే సత్యశ్రీ పాప అరచేతిలో తెల్లటి ఎలుక. పాప నవ్వుతోంది. బొమ్మ మూలన ఎవరిదో మోచెయ్యి, నీలం కోటు చేతిది. అది తనదే. ఫోటోవాడు పక్కకి జరగమన్నప్పుడు పూర్తిగా జరగలేకపోయింది.

పేపరు వచ్చిన రోజున దాన్ని చదివి వినిపించింది గేటు దగ్గర వాచ్‌మన్ నీలకంఠం. ఎస్.కోట వైపు మనిషి. పేపరంటే చివరి అక్షరం దాకా చదువుతాడు. వరండా మెట్టు మీద కూర్చుని గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఒకటే మేత తిన్న ఎలుకల్లో సగం ఒళ్ళు చేశాయనీ, సగం చెయ్యలేదనీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క పలుకు కూడా లోపలికి పోకుండా ఉంచడమే దానికి కారణమనీ, మనుషులకి కూడా ఇది పనికిరావొచ్చనీ అందులో ఉంది.

"ఒక్క పలుకు కూడానా?" అంది గంగాలమ్మ.

"అలాగే రాసున్నాది అప్పా. పస్తే మందంట. మన తాతలు తెలీక సచ్చిపోనారు గానీ, ఆల్లందరూ ఈ మందు తిన్నోల్లే."

అతను నవ్వాడు. గంగాలమ్మ నవ్వలేదు.

ఈ పని మొదలైన రోజున ఆమెకి రెండే మాటలు చెప్పారు. పొద్దున్న తియ్యాలి, సాయంత్రం పెట్టాలి. ఎందుకని ఆమె అడగలేదు. అడక్కుండానే తెలిసిందనుకుంది. మేత దూరం నుంచి పెట్టెల్లో వస్తుంది. ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అందరికీ చాలదు, అందుకని ఒక వైపుకి తగ్గించారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె చూసిన లోకం అంతే. కుండ చిన్నదైనప్పుడు వేటకెళ్ళేవాళ్ళకి ముందు పెడతారు. మిగిలినవాళ్ళు మిగిలింది తింటారు. తెల్ల చీటీలవి వేటకెళ్ళేవి. ఎర్ర చీటీలవి తనలాంటివి.

గదిలో తినకూడదు. మధ్యాహ్నం ఆమె వరండాలో కిటికీ కింద కూర్చుని డబ్బా తెరిచేది. పులుసు వాసన కిటికీ జల్లెడలోంచి లోపలికి పోయేది. పడుకుని ఉండాల్సిన వేళలో ఎర్ర చీటీ ఎలుకలు లేచేవి. వెనక కాళ్ళ మీద నిలబడి చేతులతో కమ్మీలు పట్టుకుని ముక్కులు ఆడించేవి. ఆకలితో చూస్తున్న ప్రాణి ముందు తినడం ఆమె ఇంట్లో లేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటూ తినేటప్పుడు కుక్క వచ్చి కూర్చుంటే కుక్కకి ముందు పడేస్తారు. కాకి వాలితే కాకికి విసురుతారు. పెట్టకుండా తిన్నది ఒంటబట్టదని అత్త రామలక్ష్మమ్మ అనేది. అందుకని గంగాలమ్మ లేచి లోపలికెళ్ళి ఒక్కో బోనులో చిటికెడు అన్నం పెట్టి వచ్చేది. నెత్తళ్ళ పులుసు కలిపిన అన్నం. అవి ఆమె వేళ్ళ కొసల నుంచే తీసుకునేవి. ఒక్కటీ ఎప్పుడూ కరవలేదు. ఆ తర్వాతే ఆమె తినేది.

నీలకంఠం పేపరు మడిచేసరికి తను చేసిన పని ఏమిటో ఆమెకి అర్థమైంది. సత్యశ్రీ పాప మూడేళ్ళుగా పగలనక రాత్రనక కట్టుకున్నదాన్ని తను చిటికెడు చిటికెడుగా తవ్వి పారేసింది.

ఆ రోజు డబ్బా మూత తియ్యలేదు. ఎలుకలకీ పెట్టలేదు. మర్నాడూ అంతే. అప్పటినుంచీ అంతే.

అత్త ఉన్న రోజుల్లో వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉండేది. వేసవి పోయి పడవ మొదటిసారి వేటకి దిగితే అది తిరిగొచ్చేదాకా పెళ్ళాం పగటిపూట పస్తుండాలి. సూర్యకళ కడుపులో ఉన్న ఏడు గంగాలమ్మ ఆకలికి ఆగలేక పొయ్యి వెనక కూర్చుని చద్దన్నం తినేసింది. అత్త చూసింది. తిట్టలేదు. "తిన్నావు కదా, మరి ఏడవకు. నీ బదులు నానుంతాను," అని కుండకి దూరంగా జరిగి కూర్చుంది. పడవ తిరిగి వచ్చింది. నిండుగా వచ్చింది. ఒకరు తప్పిన పస్తు ఇంకొకరు తీర్చవచ్చు. అది ఎవరో చెప్పింది కాదు, ఆమె కళ్ళ ముందు జరిగింది.

ఎలుకలు తప్పిన పస్తు ఎలుకలకి తీర్చడం రాదు. తప్పించింది తను. తను తీరుస్తుంది. పొద్దున్న లేచి షుగరు మాత్ర, ఒక గ్లాసు టీ. మాత్ర ఏ పరిస్థితిలోనూ మానొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి మానలేదు. మళ్ళీ ఎర్ర చీటీ బోనుల్లో మేత పడ్డాకే ఏదైనా నోట్లో పెట్టుకునేది.

పస్తు తన చేతిలో పని. పాపకి చెప్పడం అలా కాదు. అది ఇంకా మిగిలే ఉంది.

బకెట్టు కడిగి బోర్లించేసరికి సత్యశ్రీ వచ్చింది. చోడవరం దగ్గర రైతుల పిల్ల. హాస్టల్లో ఉండి చదువుతోంది. సన్నగా, ఎప్పుడూ పరిగెత్తుతున్నట్టు ఉంటుంది. ఈ రోజు ఇంకా ఎక్కువ.

"గంగాలమ్మగారూ, రేపే! పొద్దున్న ఫ్లైటు."

"డిల్లీయేనా?"

"ఢిల్లీయే. ఎక్కడెక్కడి నుంచో వస్తారు పెద్దవాళ్ళు. వాళ్ళందరి ముందూ మన ఎలుకల గురించి నేను మాట్లాడాలి."

"ఇమానం పైకెల్లినప్పుడు కిందకి సూడు. పేటలో నీలం రంగు రేకులిల్లుంతాది. అది మాదే. సూర్యకల రంగేయించింది. సెయ్యూపు."

"అంత పైనుంచి ఇల్లు కనబడుతుందా?"

"నీకు కనబడకపోతే నేదు. నాను సూత్తాను కదా."

సత్యశ్రీ నవ్వింది. బోనుల వైపు తిరిగి ఎర్ర చీటీల మీద వేలితో రాసుకుంటూ నడిచింది.

"మీరు లేకపోతే ఇది అయ్యేది కాదు. ఒక్క పూట కూడా తప్పకుండా తీశారు, పెట్టారు. ఇంకెవరున్నా ఎప్పుడో ఒకప్పుడు తప్పేవాళ్ళే. అక్కడ మీ పేరు కూడా చెబుతాను."

గంగాలమ్మ నోరు తెరిచింది. "పాపా," అంది.

సత్యశ్రీ ఫోను మోగింది. మాట్లాడుకుంటూ మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. గంగాలమ్మ తడి చెయ్యి కోటుకి తుడుచుకుంది. సముద్రం మీద రేవులోకి పిలుపు రాని ఓడలు వరసగా ఆగి ఉన్నాయి. కిటికీలోంచి అవి కదులుతున్నట్టు కనబడవు. కాసేపటికి చూస్తే వాటి మొహాలు ఇంకో వైపుకి తిరిగి ఉంటాయి.

మధ్యాహ్నం నీలకంఠం వరండాలోకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. గంగాలమ్మ తన డబ్బా అతని ముందుకి జరిపింది. సూర్యకళ కట్టిన డబ్బా ఇంటికి నిండుగా తిరిగి వెళ్తే అడుగుతుంది. అందుకని పస్తు మొదలైన దగ్గర్నుంచీ అతనే తింటున్నాడు.

"ఇయ్యాల ఏటప్పా?"

"కానాగంతల పులుసు."

"అబ్బ! మీ సూర్యకల సేతికి బంగారు గాజు సేయించాల. నీ పస్తు నా కడుపుకి పండగైపోనాది." ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. "ఇంతకీ ఏ దేవుడికి? ఎన్నాల్లు? ఈ నేమమేటో సెప్పవు."

"తీరేదాకా."

"మా ఆడది కూడా మొదలెట్టినాది నెండి. పేపర్లో ఏసినారని. పగలంతా పస్తుంతాది, రాతిరి నా వాటా కూడా తింతాది. ఒల్లు తగ్గనేదు గానీ నాను తగ్గిపోతన్నాను."

ఆమె మొహం తిప్పి కొంచెం నవ్వింది. పైట కొంగుతో మెడ తుడుచుకుంది. చెమట ఆగకుండా పోస్తోంది. చేతి వేళ్ళు వణుకుతున్నాయి. వాటిని ఒళ్ళో దాచుకుంది.

నీలకంఠం చూశాడు. "మొకం అలగున్నాదేటి? మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నాను. మాత్ర ఎప్పుడూ మానను. ఉక్క కదా, అందుకే."

"ఒక్క ముద్ద తినకూడదా అప్పా? నాను సూడనేదని సెప్తాను దేవుడికి."

"నువ్వు సెప్తే నమ్మేత్తాడు మరి. తిను."

అతను తిన్నాడు. డబ్బా కడిగి ఇచ్చి గేటు దగ్గరకి వెళ్ళాడు. గంగాలమ్మ నీళ్ళు తాగి గదిలోకి వచ్చింది. లోపల సత్యశ్రీ ఉంది. వెనక తలుపు నుంచి ఎప్పుడు వచ్చిందో ఎర్ర చీటీ బోనుల ముందు నిలబడి ఫోనుతో వీడియో తీస్తోంది.

ఎలుకలు లేచి ఉన్నాయి. అన్నీ. కమ్మీలు పట్టుకుని నిలబడి ముక్కులు ఆడిస్తున్నాయి. ఎదురుగా తెల్ల చీటీ బోనుల్లో ఒక్క అలికిడి లేదు, అన్నీ ఊకలో ముడుచుకుని పడుకున్నాయి.

"చూడండి గంగాలమ్మగారూ," అంది సత్యశ్రీ గొంతు తగ్గించి. "ఎలుకలు పగలు పడుకుంటాయి కదా. ఇవి మాత్రం రోజూ ఇదే వేళకి లేచి ఇలా నిలబడతాయి. ఎన్నో నెలల నుంచి చూస్తున్నాను. పస్తు వల్ల వాటి లోపలి గడియారమే మారిపోయిందని రాశాను. రేపు అక్కడ ఈ వీడియో వేస్తాను. ఇది ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు."

గంగాలమ్మ చెయ్యి పక్కనున్న అర మీద ఆనింది.

"నా కోసం లెగుత్తాయి పాపా."

"ఏమిటి?"

"ఈ యేలకి నానెడతాను. ఎట్టేదాన్ని. అన్నం. సిటికెడు."

సత్యశ్రీ ఫోను దించింది. ఆమెకి అర్థం కాలేదు. నవ్వబోయి ఆగింది.

"దేనికి పెట్టేవారు?"

"ఎర్ర సీటీలన్నిటికీ. ఒకదానికెట్టి ఒకదానికి మానేత్తే పాపం కదా."

"ఎప్పుడు? ఎప్పటినుంచి?"

"మొదట్నుంచీ. పేపర్లో ఏసినదాకా. నీలకంటం సదివినాక మానేసినాను."

సత్యశ్రీ బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. బోనులో ఎలుక ఒకటి కమ్మీ వదిలి, మళ్ళీ పట్టుకుంది.

"ఎందుకు పెట్టారు గంగాలమ్మగారూ?"

"మేత సాలక మీరు తగ్గించారనుకున్నాను. ఆకలేసి సూత్తంటే నాకు ముద్ద దిగనేదు."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదా."

"ఏటని అంతాను? తప్పని తెలిత్తే కదా."

సత్యశ్రీ మొహం చేతుల్లో పెట్టుకుంది. ఏడవడం లేదు. చేతుల వెనక నుంచి, "మేత తగ్గించామనుకున్నారా," అంది. మళ్ళీ, "నేనే చెప్పలేదు. ఎందుకు తీస్తున్నామో నేను మీకు ఒక్కసారీ చెప్పలేదు," అంది. ఆ మాట కోపంగా వచ్చిందో, ఇంకెలా వచ్చిందో గంగాలమ్మకి తెలియలేదు.

"నాను తీర్సేత్తన్నాను పాపా. నువ్వు దిగులెట్టుకోకు. ఆటి బదులు నానుంతన్నాను పస్తు. పొద్దున్నించి సందేల దాకా. పేపరొచ్చిన కాడ్నించి. ఎన్నాల్లు పడితే అన్నాల్లుంతాను. మా అత్త నా బదులు పస్తున్నాది."

సత్యశ్రీ తల ఎత్తింది. ఆమె చూపు గంగాలమ్మ మీద ఉంది కానీ గంగాలమ్మని చూడడం లేదు. టికెట్టూ, రాసి పంపిన కాగితాలూ, మేడ మీద గైడు రమణమూర్తి సారు గదీ, పేపరు చూపించి ఊరంతా తిరిగిన నాన్నా కనబడుతున్నట్టున్నాయి.

"అలా తీరదు గంగాలమ్మగారూ," అంది మెల్లగా. "ఇది అలా తీరేది కాదు."

లేచింది. రెండడుగులు వేసి ఆగింది. భుజాన ఉన్న సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "ముందు ఇది తినండి. మీకు షుగరు ఉంది, మాత్ర వేసుకుని పస్తుండకూడదు," అంది. చెప్పాల్సింది ఇంకా ఏదో ఉన్నట్టు నిలబడింది. అప్పుడే ఆమె చేతిలో ఫోను వెలిగింది. రమణమూర్తి సారు పిలుస్తున్నారు. సత్యశ్రీ మెట్ల వైపు నడిచింది. ఈసారి పరిగెత్తలేదు.

గంగాలమ్మ ప్యాకెట్టు వైపు చూసింది. ఎర్ర చీటీ బోనుల వైపు చూసింది. పొద్దు ఇంకా ఉంది. తీరదని పాప అంది. అయినా మొదలుపెట్టిన పూట పూర్తి చెయ్యాలి.

మిగిలిన పని చేసింది. నీళ్ళ సీసాలు నింపింది. కడిగిన బోనులు తుడిచి పేర్చింది. మధ్యలో రెండుసార్లు స్టూలు మీద కూర్చుంది. చెమట ఆగిపోయి చలి మొదలైంది. చేతులు ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపించింది. ఆకలి ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడు తుఫాను రోజుల్లో పడవలు కదలనప్పుడు ఇలాగే ఉండేది, కళ్ళ ముందు తెల్లగా మెరుపులు. మెరుపులు వచ్చాక ఆకలి పోతుంది. ఆ తర్వాత అంత బాధ ఉండదు.

చెప్పేసినందుకు మాత్రం గుండెల మీంచి తట్ట దిగినట్టుంది. పైన ఏం జరుగుతోందో తెలియదు. ఒకసారి కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. రమణమూర్తి సారు గొంతు పెద్దదైంది, మళ్ళీ తగ్గింది. సత్యశ్రీ గొంతు ఎక్కువసేపు ఒకేలా వినబడింది. ఆ పిల్ల ఏడవకుండా మాట్లాడుతోంది. తను చేసిన తప్పుకి ఆ పిల్ల నిలబడి జవాబు చెబుతోంది. ఎల్లిపోమంటే ఎల్లిపోవాల, అనుకుంది గంగాలమ్మ. ఆ పిల్లనేమీ అనకుండా ఉంటే చాలు.

దీపాల వేళైంది. బకెట్టు తీసుకుని ఎర్ర చీటీ బోనుల్లో మేత పెట్టింది. పై వరస, కింది వరస. గుళికలు వేళ్ళలోంచి జారిపోతున్నాయి. ఒకటి దొర్లి అర కిందకి పోయింది. దాన్ని వదిలేసింది. ఎప్పుడూ వదిలేది కాదు. ఎలుకలు గుళికల్ని రెండు చేతులతో పట్టుకుని కొరకడం మొదలుపెట్టాయి. సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు.

ఇప్పుడు తినొచ్చు. బిస్కెట్ ప్యాకెట్టు తీసుకుని వరండాలోకి వచ్చింది. మెట్టు మీద కూర్చుని చింపబోయి ఆగింది. పైనున్న పిల్ల మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు. దిగివస్తే ఇద్దరూ తినొచ్చు. ప్యాకెట్టు పక్కన పెట్టి రైకలో దోపుకున్న చుట్ట తీసింది. అగ్గిపుల్ల మూడోసారికి వెలిగింది. రెండు పీల్పులు పీల్చి నిప్పున్న కొస నోట్లోకి తిప్పుకుంది. వాళ్ళ ఆడవాళ్ళు అలాగే కాలుస్తారు, కడలి గాలికి నిప్పు ఆరకుండా. లోపల వెచ్చగా ఉంది.

గేటు దగ్గర నుంచి నీలకంఠం కేకేశాడు. "ఇంటికెల్లవేటి అప్పా? బస్సు ఎల్లిపోతాది."

నోట్లోంచి చుట్ట తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. "పాప దిగనీ," అంది. ఆ మాట గేటు దాకా వెళ్ళలేదు. గోడకి వీపు ఆనించింది. సముద్రం మీద ఓడలు దీపాలు పెట్టాయి. ఒక ఓడకి పిలుపు వచ్చినట్టుంది, పెద్దగా కూత వేసింది. రేవు వైపు తిరుగుతోంది.

సత్యశ్రీ కిందకి వచ్చేసరికి వరండాలో దీపం వెయ్యలేదు. మొహం కడుక్కుని వచ్చింది. చివరి మెట్టు మీద నుంచే చెప్పడం మొదలుపెట్టింది.

"గంగాలమ్మగారూ, సార్‌కి చెప్పేశాను. రేపు వెళ్ళడం లేదు. పేపరు వాళ్ళకి కూడా సారే చెబుతారంట. మొదటినుంచి మళ్ళీ చేద్దామన్నారు. మిమ్మల్ని మార్చేస్తామంటే నేను వద్దన్నాను. ఈసారి అన్నీ మీకు చెప్పి మొదలుపెడదాం."

గంగాలమ్మ కళ్ళు మూసుకుని గోడకి ఆనుకునే ఉంది.

నీలకంఠం గేటు నుంచి వస్తూ, "కునుకట్టేసినట్టున్నాది పాపా. ఇందాకట్నించీ అలగే ఉన్నాది. అలిసిపోనాది. లేపకు," అన్నాడు.

సత్యశ్రీ వంగి ఆమె చేతి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత భుజం పట్టుకుని కుదిపింది. పిలిచింది. నీలకంఠం పరిగెత్తుకొచ్చాడు.

అంబులెన్సు మెట్ట ఎక్కి తొందరగానే వచ్చింది. దిగినవాళ్ళు మణికట్టు పట్టుకున్నారు, కళ్ళలోకి దీపం వేసి చూశారు. ఆ తర్వాత తొందరపడడం మానేశారు. పెద్ద ఒళ్ళు కావడంతో ఎత్తడానికి రమణమూర్తి సారు కూడా దిగివచ్చి ఒక చెయ్యి వేశారు. సత్యశ్రీ కూడా ఆ బండిలోనే ఎక్కింది. సూర్యకళకి ఫోను చెయ్యాలని పేరు వెతుకుతోంది. అంకెలు కనబడడం లేదు.

బండి దిగువకి వెళ్ళిపోయింది, దాని వెనకే సారు కారూ వెళ్ళింది. నీలకంఠం మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇన్నాల్లూ అప్ప కూడు నాను తిన్నాను," అన్నాడు. అక్కడ వినడానికి ఎవరూ లేరు.

గదిలో రెండు వైపులా ఎలుకలు తింటున్నాయి. అతను తలుపు దగ్గరకి లాగి, వరండా దీపం వేశాడు. కిటికీ గట్టు మీద సగం కాలిన చుట్ట ఉంది. నిప్పు ఆరిపోయింది, నోటి తడి ఇంకా ఆరలేదు.